గ్రహణం పట్టింది ఎవరికి?



పద్యం గురించో, వ్యాకరణం గురించో తప్ప ఇక్కడ నేను మరొకటి వ్రాసింది అరుదు. పరుగుపందెముల ఊసు ఈ తెలుగు పండితునికెందుకని మీలో కొందరు నవ్వుకోవచ్చును. నవ్వుకోండి. కాని ఈ టపా చివరివరకు చదవమని మాత్రం మనవి. ఇది ఒక పరుగును గురించిన వ్యాసమే అయినా, నేను ముప్పై ఏళ్లకు పైగా మోసుకు తిరుగుతున్న ఒక మాటను దించుకొనే ప్రయత్నము కూడా.

2024 మే 20వ తేదీన జపాను దేశంలోని కోబే నగరంలో, ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీలలో, మన వరంగల్లు జిల్లా పర్వతగిరి మండలం కల్లెడ గ్రామపు ఆడపిల్ల జీవన్‌జీ దీప్తి 400 మీటర్ల పరుగును 55.07 సెకన్లలో ముగించింది. టి-20 అనే విభాగంలో అది అప్పటికి ప్రపంచ రికార్డు. అంతకు ముందరి రికార్డు 55.12 సెకన్లు, అమెరికా దేశస్థురాలు బ్రియానా క్లార్క్ పేర ఉండేది. తేడా సెకనులో నూటికి అయిదు వంతులు. ఆ వేగంలో నేలమీద కొలిస్తే జానెడున్నర. నాలుగు వందల మీటర్లు పరుగెత్తి జానెడున్నర ముందుండడం! మా మనుమడు తన ఫోనులో ఆ పరుగును నాకు చూపించాడు. ఒకమారు చూసి చాలక మరల మరల చూశాను.

ఆ బ్రియానా క్లార్క్ తల్లి రోజలిన్ బ్రయంట్ కూడా పరుగుల రాణియే. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ రిలే పరుగులో రజతం గెలిచిన జట్టులో ఆమె ఉన్నది. తల్లి ఒలింపిక్స్ పతకం కళ్లజూసిన ఇంట పుట్టిన పిల్ల ఒకతె. తల్లిదండ్రులు కూలికి పోయి వచ్చిన సాయంత్రం పొయ్యి రాజేసుకొన్న ఇంట పుట్టిన పిల్ల ఇంకొకతె. గీత మాత్రం ఇద్దరికీ ఒకటే. పరుగుపందెంలో నాకు నచ్చిన న్యాయం అది. గీత దగ్గర గోత్రం అడగరు.

ఇక ఆ పిల్ల పుట్టుక సంగతి.

దీప్తి సూర్యగ్రహణం నాడు పుట్టిందని, పుట్టినప్పుడు తల చిన్నదిగా, పెదవి, ముక్కు కాస్త భిన్నంగా ఉండేవని తల్లి పత్రికలవారితో చెప్పుకొన్నది. ఊళ్లోవారు ఆ పసిదాన్ని పిచ్చిదన్నారట. కోతి అన్నారట. ఎక్కడైనా అనాథాశ్రమంలో వదిలి రమ్మని తల్లిదండ్రులకు హితవు కూడా చెప్పారట. తోటి పిల్లలు ఏడిపిస్తే దీప్తి ఇంటికి వచ్చి ఏడ్చేదట. తల్లి తీపి అన్నం వండి పెట్టి ఊరడించేదట.

మన పల్లెలలో పెదవి చీలి పుట్టినవారిని గ్రహణపు మొర్రి అంటారు. ఆ మాటలో నింద ఎవరిమీద ఉన్నదో ఎప్పుడైనా గమనించారా? సూర్యునిమీద కాదు, రాహువుమీద కాదు. గ్రహణవేళ కదలకుండా పడుకొనలేదని, కత్తిపీట ముట్టుకొన్నదని, తల్లిమీద. బిడ్డతోపాటు తల్లికి కూడా ఒకే మాటతో శిక్ష వేసే సౌకర్యం మన భాషలో ఉన్నది.

పంచాంగం చూసే అలవాటు నాకు ఇంకా పోలేదు. దీప్తి పుట్టినరోజు 2003 సెప్టెంబరు 27 అని రికార్డులలో ఉన్నది. సూర్యగ్రహణం అమావాస్యనాడు తప్ప పట్టదు. ఆ నెల అమావాస్య 26వ తేదీ ఉదయమే వెళ్లిపోయింది. ఆ సంవత్సరంలో సూర్యగ్రహణాలు రెండే. ఒకటి మే 31న, మరొకటి నవంబరు 23న. కాబట్టి ఆ తేదీయే నిజమైతే ఆ బిడ్డ పుట్టిన నాడు సూర్యునికి ఏ గ్రహణమూ లేదు. తల్లి మాటను తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఆమెకు ఆ కారణం ఊరు ఇచ్చింది. పేదయింటి తల్లి, ఊరు ఇచ్చిన కారణాన్ని కాదని ఎక్కడికి పోతుంది? అయినా ఆ దంపతులు ఒక పని చేశారు. ఊరు గ్రహణమన్న బిడ్డకు వారు దీప్తి అని పేరు పెట్టుకొన్నారు. నేను చదివిన నిఘంటువులన్నీ ఒక ఎత్తు, ఆ పేరు ఒక ఎత్తు.

ఇప్పుడు నా సంగతి.

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో, గోదావరి ఒడ్డుకు దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో నేను కొన్నేళ్లు పనిచేశాను. ఊరి పేరు, బడి పేరు అక్కరలేదు. తప్పు నాది, ఊరిది కాదు. ఏడవ తరగతిలో ఒక పిల్లవాడుండేవాడు. పక్క గూడెం నుండి కాలినడకన వచ్చేవాడు. నడక అంటున్నాను గాని పరుగే. మొదటి గంట కొట్టేవేళకు వాగు దాటుతూ కనిపించి, రెండవ గంట కొట్టేలోపు వరుసలో నిలబడేవాడు. మాట తక్కువ. పలక మీద అక్షరం పది మార్లు దిద్దించినా పదకొండవ మారు మరచేవాడు. అందరి ముందు నిలబెట్టి పద్యం చెప్పమంటే పైకప్పు చూసేవాడు.

నేను వాడికి మొద్దు అని పేరు పెట్టాను.

అమరకోశం చిన్ననాడే వల్లె వేసినవాణ్ణి. తెలివితక్కువవానికి ఎన్ని పర్యాయపదాలున్నవో గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. జడుడు, మూఢుడు, మందుడు, బాలిశుడు. ఒకనాడు నవ్వు కోసం వాటన్నింటినీ ఆ పిల్లవాడిమీద వరుసగా ప్రయోగించి, చివర అచ్చతెలుగులో మొద్దు అన్నాను. తరగతి గొల్లుమన్నది. నాకు ఆ నవ్వు బాగున్నది. మరునాటి నుండి బడి అంతటా వాడి పేరు అదే. హాజరు పట్టీలోని పేరు హాజరు పట్టీలోనే మిగిలిపోయింది.

ఆ బడిలో డ్రిల్లు సారు ఉద్యోగం చాలాకాలం ఖాళీగా ఉండేది. ఆటల పీరియడు వస్తే లెక్కల సారో నేనో దాన్ని మా పాఠానికి కలుపుకొనేవారం. పదవ తరగతి ఫలితాలు ముఖ్యమని మాకు మేము చెప్పుకొన్నాం. మండల క్రీడలకు పిల్లలను తీసుకుపోవలసి వచ్చినప్పుడు ఆ పని నామీద పడింది. ఆ పిల్లవాడు పరుగులో దిగాడు. సున్నం గీతల మధ్య పరుగెత్తాలని వాడికెవరు చెప్పారు? నేను చెప్పలేదు. అందరికన్నా బారెడు ముందు పరుగెత్తి, మలుపు దగ్గర గీత దాటి లోపలి బాటలోకి వెళ్లాడు. పందెం నుండి తీసేశారు. నేను తోటి ఉపాధ్యాయులతో, మొద్దు గదా, అన్నాను. ఎనిమిదవ తరగతి మధ్యలో వాడు బడి మానాడు. ఎందుకు మానాడని నేను అడగలేదు.

చాలా ఏళ్ల తరువాత కరీంనగర్ బస్టాండులో సంచులతో దిగుతుంటే ఒక హమాలీ పరుగున వచ్చి సంచి అందుకొన్నాడు. వంగి కాళ్లు మొక్కాడు.

"బాగున్నరా సారూ? గుర్తువట్టలేదా? నేను సారూ, మొద్దుగాన్ని."

వాడి ముఖంలో కోపం లేదు, ఎగతాళి లేదు. నేను గుర్తుపట్టడానికి వీలుగా, నేను పెట్టిన పేరే చెప్పుకొన్నాడు. అంతే. డబ్బు ఇవ్వబోతే పుచ్చుకోలేదు. వాడి అసలు పేరు నాకప్పుడు జ్ఞాపకం రాలేదు. అడగడానికి నోరు రాలేదు.

కల్లెడలో జరిగింది, మా బడిలో జరగనిది ఏమిటో ఇప్పుడు చూడండి.

కల్లెడలో రూరల్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ వారి బడి ఒకటి ఉన్నది. దానికి మైదానమున్నది. మైదానంలో వ్యాయామోపాధ్యాయుడున్నాడు. దీప్తి తొమ్మిదవ తరగతిలో ఉండగా ఆమె పరుగును మొదట గుర్తించినవాడు ఆయనే. తరువాత 2016లో ద్రోణాచార్య పురస్కారం పొందిన శిక్షకుడు నాగపురి రమేశ్ దృష్టిలో పడి ఆమె హైదరాబాదు చేరింది. బస్సు చార్జీకి కూడా వెతుక్కోవలసిన ఇల్లని పత్రికలు వ్రాశాయి. పుల్లెల గోపీచంద్ చూసి, సికింద్రాబాదులోని జాతీయ సంస్థలో పరీక్ష చేయించమని సూచించాడు. ఆ పరీక్షతో ఆమెకు పారా క్రీడల తోవ తెరుచుకొన్నది.

ఇది ఒక్క దీప్తి అదృష్టమే అనుకొంటే పొరపాటు. ఇదే కల్లెడ నుండి వర్ధినేని ప్రణీత విలువిద్యలో 2008 బీజింగ్ ఒలింపిక్స్‌కు వెళ్లింది. ఒకే చిన్న పల్లె నుండి ఒకరు ఒలింపిక్స్‌కు, ఒకరు పారాలింపిక్స్‌కు. ఆ ఊరి నీటిలో ఏమైనా మహిమ ఉన్నదా? లేదు. బడి ఉన్నది, బడిలో మైదానమున్నది, ఎవరు ఎట్లా పరుగెత్తుతున్నారో కూర్చుని చూడడమే ఉద్యోగమైన మనిషి ఉన్నాడు. మా గోదావరి ఒడ్డు బడిలో లేనిది అదొక్కటే. వాగు అక్కడా ఉన్నది, పరుగెత్తే పిల్లవాడూ ఉన్నాడు.

టి-20 విభాగం సంగతి కొందరికి తెలియకపోవచ్చును. అందులో టి అంటే ట్రాక్, 20 అంటే బౌద్ధిక వైకల్యం. బుద్ధిలబ్ధి 75 గాని అంతకు తక్కువ గాని ఉండాలి, నిత్యజీవితపు పనులలో ఇబ్బంది ఉండాలి, అది ఎదిగే వయసులోనే బయటపడి ఉండాలి. ఇవన్నీ పరీక్షించిన మీదటనే పందెంలో నిలబడనిస్తారు. ఇంత కట్టుదిట్టం ఎందుకంటే దానికొక చేదు కథ ఉన్నది. 2000 సిడ్నీ పారాలింపిక్స్‌లో ఈ తరగతి బాస్కెట్‌బాల్ బంగారు పతకం గెలిచిన స్పెయిన్ జట్టులో, పన్నెండుగురిలో పదిమందికి ఏ వైకల్యమూ లేదని తరువాత బయటపడింది. దొంగలు పతకం తిరిగి ఇచ్చేశారు. శిక్ష మాత్రం పిల్లలు అనుభవించారు. 2004 ఏథెన్స్, 2008 బీజింగ్ రెండింటిలోనూ బౌద్ధిక వైకల్యమున్నవారికి ప్రవేశం లేకపోయింది. 2012 లండన్‌లో గాని తలుపు మరల తెరుచుకోలేదు. తెలివిగలవారు చేసిన మోసానికి, తెలివి లేదని మనం అన్నవారు పన్నెండేళ్లు బయట నిలబడ్డారు.

పారా పతకం అసలు పతకమేనా అని అడిగేవారు నా మిత్రులలోనే ఉన్నారు. వారికి నా సమాధానం చిన్నది. పరుగులలో 400 మీటర్లది కఠినమైనదని తెలిసినవారంటారు. వంద మీటర్ల వలె ఊపిరి బిగబట్టి ముగించేది కాదు, మైలు పరుగు వలె తీరికగా సర్దుకొనేది కాదు. మొదటి సగంలో బలమంతా ఖర్చు పెడితే చివరి వంద మీటర్లలో కాళ్లు ఇనుపగుండ్లవుతాయి. దాచుకొంటే అందుకోలేనంత వెనుకబడతారు. బాటలు వంపులో ఉంటాయి గనుక ఒక్కొక్కరు ఒక్కొక్కచోట నుండి బయలుదేరుతారు. ఎవరు ముందో, ఎవరు వెనుకో చివరి మలుపు దాకా కంటికి ఆనదు. అంటే ఇది లెక్క. పలక మీద వేయని లెక్క. లెక్కలు రావని ఊరు తేల్చిన పిల్ల ఆ లెక్కను ప్రపంచంలో అందరికన్నా బాగా వేసింది. ఆ లెక్క వేయడానికి శిక్షకుడు ఒకే మాటను ఎన్నివందల మార్లు చెప్పి ఉంటాడో, ఆమె ఎన్నివందల మార్లు ఆ చుట్టు తిరిగి ఉంటుందో ఊహించండి. పదకొండవ మారు విసుగుకొన్న ఉపాధ్యాయుణ్ణి నేను. నాకు ఆ తేడా తెలుసు.

ఇక్కడ మరొక మాట. అన్ని పందెములూ ఆమే గెలిచిందని కాదు. 2023 అక్టోబరులో హాంగ్‌ఝౌ ఆసియా పారా క్రీడలలో 56.69 సెకన్లతో స్వర్ణం. మరు ఏడు కోబేలో ప్రపంచ రికార్డుతో స్వర్ణం. 2024 సెప్టెంబరు 3న పారిస్ పారాలింపిక్స్‌లో మాత్రం 55.82 సెకన్లతో కాంస్యం. ఉక్రెయిన్ పిల్ల యూలియా షూలియార్ మొదట, టర్కీ పిల్ల ఐసెల్ ఒందెర్ తరువాత గీత దాటారు. దీప్తి రికార్డు కూడా ఆ పారిస్‌లోనే ఒందెర్ చేతిలో చెరిగిపోయింది. ప్రపంచ విజేతగా వెళ్లి మూడవదై వచ్చింది. చాలామంది అక్కడితో కుంగిపోతారు. ఆమె 2025 సెప్టెంబరు 27న, సరిగ్గా తన పుట్టినరోజున, ఢిల్లీలో జరిగిన ప్రపంచ పోటీలలో 55.16 సెకన్లతో రజతం గెలిచింది. పారిస్ కన్న అరసెకనుకు మించి వేగం. ఒందెర్ అప్పటికీ ముందే ఉన్నది. అది క్రీడ. ఒకరు రికార్డు వ్రాస్తారు, మరొకరు చెరుపుతారు. పుట్టినరోజునాడు గ్రహణముందో లేదో ఎవరూ అడగకుండా ఆమె పరుగెత్తిందన్నదే నాకు ముఖ్యం.

పారిస్ తరువాత తెలంగాణ ప్రభుత్వం కోటి రూపాయలు, గ్రూప్-2 ఉద్యోగం, వరంగల్లులో 500 గజాల స్థలం ప్రకటించింది. శిక్షకునికి 10 లక్షలు. 2025 జనవరిలో రాష్ట్రపతి చేతులమీదుగా అర్జున పురస్కారం. అన్నీ సంతోషమే. కష్టకాలంలో అమ్ముకొన్న భూమిని, ఆసియా పతకం మీద వచ్చిన సొమ్ముతో ఆ కుటుంబం తిరిగి కొనుక్కొన్నదని చదివి నా కళ్లు చెమర్చాయి. కాని ఇవన్నీ గీత దాటిన తరువాతి కానుకలు. గీత దాకా చేర్చిన ఖర్చు ఎవరు పెట్టారు? ఒక పల్లెటూరి బడి, ఒక వ్యాయామోపాధ్యాయుడు, కూలి డబ్బులు.

హకీంపేటలో రాష్ట్ర క్రీడా పాఠశాల ఉన్నది. మన కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ప్రాంతీయ క్రీడా పాఠశాలలున్నాయి. మంచి సంస్థలు. కాని వాటిలో చేరేది నాలుగవ తరగతిలో, పోటీ పరీక్షల మీద. ఎత్తు, బరువు, పరుగు, దూకుడు కొలిచి తీసుకొంటారు. దీప్తి బయటపడింది తొమ్మిదవ తరగతిలో. నాలుగవ తరగతి వయసులో ఆమెను ఎంపిక మైదానం దాకా ఎవరు తీసుకుపోయి ఉండేవారు? పిచ్చిదన్న ఊరా? మొద్దన్న ఉపాధ్యాయుడా? ఎంపిక చేసేవారు ఎంత మంచివారైనా, వారి ముందుకు రాని పిల్లను ఎంచలేరు. ఆ పిల్లను అక్కడికి తేగలవాడు ఊరి బడిలో ఉండే డ్రిల్లు సారు ఒక్కడే. కాబట్టి నేను కోరేది కోట్ల స్టేడియములు కాదు. ప్రతి ఉన్నత పాఠశాలలో ఆ ఒక్క ఉద్యోగం ఖాళీ లేకుండా ఉండాలి, ఆటల పీరియడును నావంటివారు దొంగిలించకుండా ఉండాలి. ఇంతకు మించి కోరను.

ఇక మాటల సంగతి. మాటలు నా వృత్తి గనుక చెప్పే హక్కు, ఒప్పుకొనే బాధ్యత రెండూ నావే. దీప్తిని పరీక్షించమని సూచించిన ఆ సికింద్రాబాదు సంస్థ 1984లో పుట్టినప్పుడు దాని ఇంగ్లీషు పేరులో బుద్ధిమాంద్యాన్ని చెప్పే పాత మాటే ఉండేది. తరువాత ఆ పేరు మార్చి, బౌద్ధిక వైకల్యమున్న వ్యక్తుల సాధికారతకు జాతీయ సంస్థ అన్నారు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, అందులో బౌద్ధిక వైకల్యం ఒకటి. చట్టం తన భాష దిద్దుకొన్నది. మన తరగతి గదులు దిద్దుకొన్నాయా? దివ్యాంగులు అన్న మాట నాకు పూర్తిగా రుచించదు. మొద్దు అని మనిషిని చెట్టుకింద పడవేశాం, దివ్య అని గుడిలో పెడుతున్నాం. రెండు చోట్లా ఆ మనిషితో మాట్లాడే పని తప్పుతుంది. హాజరు పట్టీలో ఒక పేరున్నది. దానితో పిలిస్తే చాలు.

మన పురస్కారాలకు అర్జునుని పేరు, ద్రోణుని పేరు పెట్టుకొన్నాం. ఏకలవ్యుని పేరు గిరిజన బాలల ఆశ్రమ పాఠశాలలకు పెట్టుకొన్నాం. ఆ కథను నలభై మార్లు చెప్పి ఉంటాను తరగతిలో. ప్రతిసారి ద్రోణుని తప్పును విడమరచి చెప్పేవాణ్ణి. ద్రోణుడు కనీసం ఏకలవ్యుని విద్యను చూసి, గుర్తించి, భయపడ్డాడు. నేను చూడను కూడా లేదు.

పోయిన నెల పాత మిత్రుని ద్వారా ఆ బడి పాత హాజరు పట్టీ వెతికించాను. ఆ పిల్లవాడి పేరు దొరికింది. మంచి పేరు. వాడి అనుమతి లేకుండా ఇక్కడ వ్రాయను. వాడిప్పుడు ఎక్కడున్నాడో వెతుకుతున్నాను. బస్టాండులో ఎవరో మంచిర్యాల వైపు వెళ్లాడన్నారు. దొరికితే చేయవలసిన పని ఒక్కటే, ఆ పేరుతో పిలవడం.

మీలో ఉపాధ్యాయులున్నారు, ఉపాధ్యాయుల బిడ్డలున్నారు. రేపు ఉదయం తరగతిలో చివరి బల్ల మీద పైకప్పు చూస్తూ కూర్చున్న పిల్ల కనిపిస్తే, ఆమె బడికి ఎట్లా వస్తుందో ఒకమారు కిటికీలో నుండి చూడండి. నడిచి వస్తుందో, పరుగెత్తి వస్తుందో.

సెలవు.